ప్రెసిడెంటుగారి సమాధి

పల్నాడులో కిందపడి గిలగిల కొట్టుకోవడానికైనా అంతస్తు ఉండాలి! నాపరాళ్ల గనిలో పనిచేసే హనుమంతు పడి కొట్టుకుంటే అది మూర్ఛ. పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు వెంకట్రామయ్యగారు పడి కొట్టుకుంటే అది సమాధి!

ఈ తేడాను కనిపెట్టిన ఘనత ఆయన భార్య శేషారత్నమ్మది. పెళ్లయిన కొత్తలో, కోటప్పకొండ తిరనాళ్లలో ప్రభ కర్ర విరిగి ఆయన నెత్తిన పడింది. గాయం మానింది గానీ, అప్పట్నుంచీ ఉన్నట్టుండి విరుచుకుపడిపోవడం పట్టుకుంది. మూర్ఛ అంటే వంశానికే మచ్చ! అందుకని ఆయన మొదటిసారి నలుగురిలో పడినప్పుడు ఆమె గుండె చిక్కబట్టుకుని, "అయ్యగారు సమాధిలోకి వెళ్లారు! హారతి పట్టండి!" అని కేకేసింది. అంతే! హనుమంతు పడితే చేతిలో తాళంచెవులు పెట్టి దూరం జరిగే జనం, ఈయన పడితే కొబ్బరికాయలు కొట్టసాగారు. ఆ కొబ్బరికాయలే ఆయన్ను ప్రెసిడెంటు కుర్చీలో కూర్చోబెట్టాయి.

పైకి హారతి పట్టినా, పడిన ప్రతిసారీ ఆమెకు ప్రాణం పోయి ప్రాణం వచ్చేది. ఒకసారైతే నూతిగట్టు మీదే వచ్చింది సమాధి. ఇంకో జానెడు జరిగితే ఆమె పసుపు కుంకుమలు నీళ్లపాలయ్యేవి.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు హనుమంతు నరసరావుపేట వెళ్లి బోడిగుండుతో తిరిగొచ్చాడు. నెలలు గడిచినా మళ్లీ పడలేదు. శేషారత్నమ్మ వాణ్ని దొడ్డిదోవన పిలిపించింది.

"ఏందిరా హనుమంతూ, ఏం మందేశారు?"

"మందు కాదమ్మా, పుర్రె తెరిచారు. గనిలో రాయి తగిలిన కాడ లోపల మచ్చ కట్టిందంట. యోబు డాక్టరు తీసేశాడు. చానా మంచోడమ్మా!"

ఆ పూటే ఆమె భర్త కాళ్లు పట్టుకుంది.

"నా తలకాయ యోబు చేతిలో పెట్టాల్నా? వాళ్లింట్లో మంచినీళ్లయినా తాగనే నేను!" అని ఆయన చిందులు తొక్కారు.

"నీళ్లెవరు తాగమన్నారండీ? తలకాయేగా ఇమ్మంది!"

తిరుపతి మొక్కని ఊరంతా చాటించి, ఇద్దరూ పేటలో మిషను ఆస్పత్రిలో దిగారు. డాక్టరు యోబు ఏమీ దాచలేదు.

"అయ్యా, మాకు కరెంటు లేదు. పెట్రోమాక్సు లైట్లే గతి. పుర్రెకు బెజ్జం పెట్టే సామాను కొనటానికి చందా ఇమ్మని అన్ని బోర్డులకూ అర్జీ పెట్టా. ఒక బోర్డువారైతే, 'తలరాత మార్చుటకు బోర్డుకు అధికారము లేదు' అని రాసి తిప్పిపంపారు. అందుకని వడ్రంగి బరమానే ఉడకబెట్టి వాడుతున్నా."

ఆ ముక్క రాసింది సాక్షాత్తూ వెంకట్రామయ్యగారే!

నిద్రమందు ఇవ్వరట. తల మీద చర్మానికి మాత్రం తిమ్మిరి మందిస్తారట. కోస్తున్నంతసేపూ రోగి మాట్లాడుతూనే ఉండాలట, మాట తడబడితే అక్కడ కోయకూడదని గుర్తట. ఆ ఆస్పత్రిలో అన్నిటికీ కొరతే గానీ, ఆ పూట మాటలకు మాత్రం కరువు రాలేదు! ప్రెసిడెంటుగారు బల్ల మీద పడుకుని గ్రామాభివృద్ధి మీద ఉపన్యాసం మొదలెట్టారు. నర్సమ్మ ఆవలించింది. వరండాలో శేషారత్నమ్మ మాత్రం, ఆ ఉపన్యాసం ఆగకూడదని దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టుకుంది. ఆయన ఉపన్యాసం ఆగకూడదని కోరుకున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

జబ్బు పోయింది. దాంతోపాటే కొబ్బరికాయలూ పోయాయి!

"తిరుపతి పోయొచ్చినకాణ్ణుంచి సమాధే లేదేంది? ఉన్న దేవుణ్ణి ఆ కొండ మీదే వదిలేసొచ్చినట్టున్నాడు!" అని ఎదుటి పక్షం నరసింహారావు ఊరంతా టముకేశాడు. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ప్రెసిడెంటుగారికి అన్నం సయించడం మానేసింది. శేషారత్నమ్మకు మాత్రం హాయిగా నిద్రపడుతోంది.

ఎలక్షన్ల సభకు ఊరంతా వచ్చింది. వెంకట్రామయ్యగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, వేదిక మీద దబ్బున విరుచుకుపడిపోయారు. కాళ్లూ చేతులూ టపటపా కొట్టుకుంటున్నాయి.

"సమాధి! సమాధి!" జనం కొబ్బరికాయల కోసం పరుగెత్తారు.

శేషారత్నమ్మకు వంశం, మచ్చ, హారతి ఏవీ గుర్తుకు రాలేదు. గుండెలు బాదుకుంటూ వేదికెక్కింది.

"ఓరి దేవుడో! పుర్రె కోయించినా తగ్గలేదే! ఒరేయ్ హనుమంతూ, బండి కట్టరా! యోబు డాక్టర్ని తీసుకురారా! ఈయనకు మూర్ఛ మళ్లీ వచ్చిందిరా!"

సభ మొత్తం నోరు తెరుచుకుని నిలబడిపోయింది. సమాధిలో ఉన్న ప్రెసిడెంటుగారు ఒక కన్ను తెరిచారు.

"నోర్ముయ్యవే! నాకేం రాలా. ఎలక్షన్లకని ఊరికే పడ్డా!"

తాను గుసగుసలాడాననే ఆయన అనుకున్నారు. కానీ ఉపన్యాసాలకు అలవాటుపడ్డ గొంతు, చివరి వరుస దాకా వినబడింది.

"నిజంగా రాలేదా? నా మీద ఒట్టేనా?" శేషారత్నమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. సంతోషం పట్టలేక జనం వైపు తిరిగింది.

"తగ్గిపోయిందయ్యో! మా ఆయనకు మూర్ఛ పూర్తిగా తగ్గిపోయింది! ఆ కొబ్బరికాయలన్నీ యోబు డాక్టరుగారికి పంపించండయ్యా!"