కారే కప్పుకు పై చార్టు

కప్పు కారుతోందా? తాపీమేస్త్రీని పిలవకండి. ఒక చార్టు వేయండి. మేస్త్రీ వస్తే గదంతా సిమెంటు చల్లి పోతాడు. చార్టు వస్తే గోడకు కళ వస్తుంది!

ఊరికే అనడం లేదు. మా ఆఫీసులో కప్పు కారేది సరిగ్గా నా కుర్చీ మీదే. గది పెద్దదే, కుర్చీలూ చాలానే ఉన్నాయి. అయినా ఆ చుక్క వెతుక్కుంటూ వచ్చి నా మెడ మీదే పడుతుంది. జరుగుదామంటే ఒకపక్క బీరువా, ఇంకోపక్క అకౌంట్స్ అక్క. రెండూ కదలవు. వెనక మేనేజరుగారి బల్ల.

నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. మా ఊరి బళ్ళో నేను హాజరు పలికినా మాష్టారు ఆబ్సెంటే వేసేవారు. అయినా ధైర్యం కూడగట్టుకుని మేనేజరుగారికి చెప్పాను.

"నోటితో చెబితే పైవాళ్ళు వినరమ్మా. డేటా చూపించాలి," అంటూ, లెక్కలు ఎక్కిస్తే చార్టులు గీసే ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు.

ఎంత మేలు చేశారో చూడండి! అప్పటిదాకా నేను ఉత్తినే తడిసేదాన్ని. అప్పట్నుంచి తడుస్తూ నేర్చుకున్నాను.

ఆ సాఫ్ట్‌వేర్ మహా దయగలది. తప్పు చేసినా తిట్టదు, ఆ తప్పునే అందంగా చూపిస్తుంది. ఒక మంగళవారం చుక్కల లెక్క ఎక్కించేచోట పొరపాటున నా ఫోన్ నంబరు కొట్టాను. ఒక కడ్డీ నిట్టనిలువునా లేచింది. దాని ప్రకారం ఆ మంగళవారం ఆఫీసు మొత్తం మునిగిపోయి ఉండాలి.

మేనేజరుగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ట్రెండు బాగుందమ్మా," అన్నారు.

ఇంట్లో మా పిన్నికి మాత్రం వేరే దిగులు పట్టుకుంది. "ఫోన్లో ఎవరితోనో బార్ సరిగ్గా రాలేదంటున్నావు. ఏ బారే?"

"కడ్డీల చార్టు పిన్నీ."

"చార్టుకి ఆ పేరేంటి? మీ అమ్మ అడిగితే నేనేం చెప్పను?"

ఈ కడ్డీలు చాల్లే, పై చార్టు పెట్టమన్నారు మేనేజరుగారు. సరేనని, స్క్రీను మధ్యలో ఉన్న చార్టును పైకి జరిపాను.

"పై చార్టమ్మా," అన్నారు మళ్ళీ.

ఇంకాస్త పైకి జరిపాను. సగం కనబడకుండా పోయింది.

"పై అంటే పైన కాదు తల్లీ, గుండ్రంగా ఉండేది," అంది అకౌంట్స్ అక్క, నవ్వాపుకోలేక.

గుండ్రంగా ఉన్నదానికి ఆ పేరెందుకో నేను అడగలేదు. అడిగే నోరే ఉంటే కప్పు ఎప్పుడో బాగుపడేది కదా?

చుక్కా దాని తుంపరలూ ఎక్కడెంత పడుతున్నాయో గుండ్రంగానే వేశాను. పెద్ద నీలం ముక్క నా మెడ. చిన్న ఆకుపచ్చ ముక్క ఫైళ్ళు. సన్నటి పసుపు చీలిక అక్క టిఫిన్ బాక్సు. పైవాళ్ళకు పంపితే మెచ్చుకుంటూ జవాబొచ్చింది. నీలం మరీ ముదురుగా ఉందట. లేత నీలం చేశాను. మరీ వెలిసిపోయిందన్నారు. మళ్ళీ ముదురు చేశాను. ఇన్ని రంగులు మారుతున్నా చుక్క మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

చివరికి దాన్ని బల్లంత సైజులో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, గోడకు తగిలించమని నాకే ఇచ్చారు. గోడ నాని ఉంది, మేకు దిగలేదు. అక్కా నేనూ కలిసి దాన్ని పురికొసతో బీరువాకీ కిటికీ ఊచలకీ కట్టేశాం, నా నెత్తికి పైన, కాస్త వెనక్కి వాలుగా.

ఇప్పుడు చుక్క నా మెడ మీద పడటం లేదు. చార్టు మీద పడి, నీలం ముక్క మీదుగా జారి, మేనేజరుగారి బల్ల మీదికి పోతోంది.

సాయంత్రానికల్లా తాపీమేస్త్రీ వచ్చేశాడు. డేటా సంగతి ఎవరూ ఎత్తలేదు.

అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్ళకు చెబుతున్నాను. పై చార్టును పైనే పెట్టండి. వాలు మాత్రం చూసి పెట్టండి.