ఇరవై ఒకటి నిండనివాడు

ఆ రోజు ఉదయం చంటోడు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బయలుదేరడం, కోర్టులో తలవంచుకుని నిలబడటం, "తప్పయిందండీ" అనడం, వాళ్లు పెట్టే చీవాట్లు తినడం, మధ్యాహ్నం క్లాసుకి వచ్చి ఏమీ ఎరగనట్టు వెనక బెంచీలో కూర్చోవడం. ఇంతకంటే వినయమైన కోరిక మనిషికి ఇంకొకటి ఉండదు. అది కూడా తీరలేదు.

చంటోడంటే పసివాడేం కాదు. కాలేజీలో మూడో ఏడు వృక్షశాస్త్రం చదువుతున్నాడు. ఇంట్లో ఆఖరివాడు కాబట్టి ఆ పేరు వాణ్ణి వదల్లేదు. కిందటి వారం స్నేహితుడి గదిలో పుట్టినరోజు పార్టీ జరిగితే, పాటల మోత భరించలేక పక్కింటాయన పోలీసులను పిలిచాడు. గదిలో ఉన్నవాళ్లందరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. అందరికీ తాగే వయసు, అంటే ఇరవై ఒకటి, నిండింది. నిండనిది చంటోడికే. వాడు తాగింది అరగ్లాసు బీరు. చేదు భరించలేక మిగతాది కిటికీలోని పూలకుండీలో పోశాడు. సీసాలు ఖాళీ చేసినవాళ్లు ఇళ్లకి పోయారు, కేసు అరగ్లాసువాడి మీద పడింది. ఆ మొక్క ఏమైపోయిందోనన్న దిగులు కూడా వాడికే మిగిలింది.

కేసంటే వాడికి అంత భయం లేదు. భయమంతా నాన్నంటేనే. ఆయనది ఇనప సామాన్ల కొట్టు. కాలేజీలో చేర్పించిన రోజే తేల్చి చెప్పేశాడు: "నీ మీద ఒక్క మాట వచ్చిందా, పుస్తకాలు కట్టకట్టి కొట్లో కూర్చోబెడతా." అన్నయ్యలిద్దరూ అప్పటికే కొట్లో కూర్చుని ఉన్నారు. పొద్దస్తమానం గొళ్లేలు, తాళాలు, బోల్టులు, మేకులు. పెద్దన్నయ్య భోజనానికి కూర్చున్నా కంచాన్ని తూచినట్టు ఓసారి ఎత్తి చూస్తాడు. చంటోడికేమో ఆకుని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే కనిపించే పచ్చటి గదులంటే ప్రాణం. ఆ గదుల్లోంచి ఈ కొట్లోకి రావడమంటే వాడి దృష్టిలో చావుకి ఒక మెట్టు ఇవతల.

బయలుదేరబోతుండగా కోర్టు గుమాస్తా ఫోన్ చేసి మెలిక పెట్టాడు.

"ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పక్కనుండాలి బాబూ. ఒక్కడివే వస్తే కుదరదు."

 చంటోడు ఆలోచించి ఆలోచించి మేనమామకి ఫోన్ చేశాడు. ఆయన పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాడు. మంచివాడు. ఆ మంచితనంతోనే కొంప మునిగింది.

"అమ్మకి చెప్పనని ఒట్టెయ్యి మామయ్యా."

"ఒట్టు! మీ అమ్మకి చెప్పను. మీ నాన్నకి అసలే చెప్పను. సరేనా?"

అత్తయ్య పేరు ఆ ఒట్టులో రాలేదు. మామయ్య ఉన్నవాటిలో మంచి చొక్కా తొడుక్కుని, కోర్టు నుంచి అటే ఓ పెళ్లికి వెళ్లాలి కాబట్టి కెమెరా సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, "చంటోడితో కోర్టుకెళ్తున్నా. పెద్దమనిషిగా సంతకం పెట్టాలిట. అక్కకి తెలీకూడదు" అని చెప్పి వెళ్లాడు. కోర్టు, కుర్రాడు, సంతకం, కెమెరా, రహస్యం! అత్తయ్యకి ఇంకేం కావాలి? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే అమ్మకి ఫోన్ చేసింది.

"వదినా, నేను చెప్పానని అనకండి. చంటోడు పెళ్లి చేసుకుంటున్నాడు."

"ఏ చంటోడు?"

"మన చంటోడే! కోర్టులో. మీ తమ్ముడే సాక్షి. కెమెరా కూడా పట్టుకెళ్లారు."

అమ్మ గొల్లుమంటూ కొట్టుకి పరిగెత్తింది. నాన్న తక్కెడలో మేకులు తక్కెడలోనే వదిలేసి, సరుకులు మోసే వ్యాను తీశాడు. "మనవడి పెళ్లికి నన్నొదిలేసి వెళ్తార్రా?" అంటూ నాయనమ్మ వెనకున్న ఇనప గొట్టాల మధ్య ఎక్కి కూర్చుంది.

కోర్టు వరండాలో బెంచీ మీద చంటోడు, మామయ్య, వాళ్ల పక్కన ఎవరో అమ్మాయి కూర్చుని ఉన్నారు. లైసెన్సు లేకుండా బండి నడిపి దొరికిపోయిన పిల్ల అది. చంటోడికి ఆమె పేరు కూడా తెలియదు. మెట్లెక్కి వస్తున్న నాన్నని చూడగానే వాడి పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ మాత్రం తిన్నగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లింది.

"మీ ఇంట్లో తెలుసా అమ్మా?"

"తెలీదండీ. తెలిస్తే చంపేస్తారు."

"ఎన్నాళ్లనించి నడుస్తోంది ఇది?"

"ఆర్నెల్లండీ. రోజూ కాలేజీకి బండి మీదే."

"విన్నారా? రోజూ బండి మీదే తిరుగుతున్నారట!" అని అమ్మ గోడకి జారగిలబడిపోయింది. నాయనమ్మ మాత్రం ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని, "పిల్ల లక్షణంగా ఉంది. ఇంక రాద్ధాంతం చెయ్యకండి" అంది.

"ఎవర్రా ఈ అమ్మాయి?" అని నాన్న ఉరిమాడు.

"నాకేం తెలుసు నాన్నా!"

"పెళ్లి చేసుకుంటూ, పిల్లెవరో తెలీదంటావా?"

"పెళ్లేంటి? నేను బీరు తాగాను నాన్నా, అరగ్లాసు!"

 ఇక కొట్టే గతి అనుకుని చంటోడు కళ్లు మూసుకున్నాడు. కానీ నాన్న బెంచీ మీద కూలబడి, గుండె మీద చెయ్యేసుకుని, "తాగావా? అంతేనా? హమ్మయ్య!" అన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుని, "అరగ్లాసేనటగా పాపం" అంది. నాన్న వాణ్ణి దగ్గరికి తీసుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు. "కొట్టూ లేదు, గిట్టూ లేదు. నువ్వు చదువుకో." ఆ క్షణంలో చంటోడంత సుఖంగా ఉన్నవాడు ఆ వరండాలో లేడు.

లోపల మేజిస్ట్రేటు గారు కాగితం చూసి, "ఇరవై ఒకటి నిండకుండానే మద్యం సేవించినట్టు..." అని ఇంకా పూర్తి చేయలేదు, వెనక బెంచీలోంచి నాయనమ్మ లేచింది.

"నిండకపోవడమేంటి తల్లీ? వాడికి ఇరవై రెండు! ఆసుపత్రిలో పుట్టగానే నా చేతుల్లోనే పెట్టారు."

"ఎవరావిడ?"

"మా అమ్మండీ. మతిమరుపండీ" అన్నాడు నాన్న కంగారుగా.

"నాకా మతిమరుపు? పొద్దున నువ్వు కొట్టు కొత్తగా తెరిచావు, సాయంత్రానికి వీడు పుట్టాడు. ఊరంతా రెండింటికీ కలిపి ఒకేసారి మిఠాయి తినలా?"

మేజిస్ట్రేటు గారు కళ్లద్దాలు సవరించుకుని నాన్నని అడిగింది. "మీ కొట్టు పెట్టి ఎన్నేళ్లయింది?"

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ ఆ ప్రశ్నకి జవాబు ఆయన నోటికి అలవాటైపోయింది. బేరమాడే ప్రతి మనిషికీ అదే చెబుతాడు. "ఇరవై రెండేళ్లండీ. ఒకటే చోటు, ఒకటే మాట!" అనేసి, నాలుక కరుచుకున్నాడు.

ఉద్యోగానికి రెండేళ్లు కలిసొస్తుందని బళ్లో వయసు తగ్గించి రాయించానని ఆయన తలదించుకుని ఒప్పుకున్నాడు. గుమాస్తా ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే, నాయనమ్మ చెప్పిందే నిజమని తేలింది. మేజిస్ట్రేటు గారు నాన్నకి గట్టిగా చీవాట్లు పెట్టి, కేసు కొట్టేసి, అసలు వయసు కాలేజీకి తెలియజేయమని గుమాస్తాకి చెప్పింది. ఆ చివరి ముక్క ఎవరూ చెవిన పెట్టలేదు. మామయ్య అందరినీ మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీశాడు. లైసెన్సు లేని పిల్ల కూడా అందులో నవ్వుతూ ఉంది.

మర్నాడు ప్రిన్సిపాలు గారు పిలిపించారు. ఆయన ముఖం చూస్తే ఆయనకే బాధగా ఉన్నట్టుంది.

"కేసు కొట్టేశారటగా, సంతోషం. తాగినందుకైతే రెండు వారాలు బయట పెట్టి మళ్లీ రమ్మనేవాణ్ణయ్యా. కానీ చేరేనాటికి పంతొమ్మిది దాటినవాళ్లకి ఇక్కడ సీటు లేదు. నీకు దాటింది. ఇక నా చేతుల్లో ఏమీ లేదు."

"సార్, అది నేను రాయలేదు. నాకు నాలుగేళ్లప్పుడు నాన్న రాయించాడు."

"నాలుగా, ఆరా?" అన్నాడాయన.

వెళ్తూ వెళ్తూ ప్రయోగశాలలోకి తొంగి చూశాడు. తన మైక్రోస్కోపు దగ్గర అప్పుడే ఇంకెవరో కూర్చుని ఉన్నారు. వాడికి ఏడుపొచ్చింది. ఇంటికొచ్చాక నూతి దగ్గర మొహం కడుక్కునే వంకతో చాలాసేపు ఏడ్చాడు.

వాణ్ణి ఏమైనా అనడానికి నాన్నకి మొహం చెల్లలేదు. కొట్లో ఫ్యాను కింద ఉన్న తన సొంత స్టూలు వాడికిచ్చి, తను వెళ్లి గొట్టాల దగ్గర నిలబడ్డాడు. సాయంత్రం తలుపు గొళ్లేనికి వచ్చిన పెద్దాయనొకాయన వాణ్ణి గుర్తుపట్టి, "కోర్టు గొడవేదో విన్నాను. చివరికి ఏమైందయ్యా?" అని పలకరించాడు.

"గెలిచామండీ" అన్నాడు చంటోడు, మేకులు తూస్తూ.