జ్వరం ఉన్నంతసేపే దిగాలి

గుట్టలపేటలో జనం నడక కృత్రిమ మేధ చేతికి వెళ్లిన నాటి నుంచి, ఒళ్లు కాలుతున్నవాళ్లు తప్ప ఎవరూ పల్లానికి అడుగు వేయడం లేదు. కూరగాయలాయన ఎండదెబ్బ తగిలి పల్లానికి దిగగలిగిన రోజున అందరూ పాలకూర వండుకుంటారు. తగలని రోజున పచ్చడి మెతుకులు. అంతకుమించి ఇబ్బందేమీ లేదు.

ఆడవాళ్లకు పెట్టిన క్లాసులో వార్డు ఆఫీసు భూపతి సారు అంతా విడమరిచి చెప్పాడు. ఆ మేధకు దూరం కనబడదు, కాలి ముందున్న అడుగే కనబడుతుంది. అందుకని ప్రతి అడుగూ ఉన్నచోటికంటే ఎత్తులో పడాలి. అలా ఎక్కుతూ పోతే శిఖరం వస్తుంది. తీరా వచ్చింది చిన్న గుట్టయితే? అందుకే వేడి. ఒళ్లు వేడిగా ఉన్నంతసేపు పల్లానికి వేసే తప్పటడుగులూ చెల్లుతాయి, చల్లబడేకొద్దీ చెల్లవు. పూర్తిగా చల్లారేసరికి ఎక్కడుంటే అదే నీ శిఖరం. దీన్ని అల్గోరిథం అంటారు.

నాగలత చదువు ఐదో తరగతితో ఆగింది. అయినా వెనక బల్ల మీద కూర్చుని ఒక్క సంగతి గట్టిగా పట్టుకుంది. ఐదు తర్వాతి బడి పెద్దగుట్ట మీదే ఉంది. అక్కడ నేర్పేది, అన్నిటికంటే ఎత్తైన గుట్టను వెతకడం ఎలాగో. కూతురు మిన్ను అక్కడికి చేరాలంటే ముందు దానికి జ్వరం రావాలి.

వానలు పడగానే వచ్చింది. నాగలత తల్లి భూలక్ష్మి తడిగుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ముట్టకమ్మా! సల్లబడితే పిల్ల బతుకు ఆగమైతది" అని నాగలత అడ్డుపడింది.

"ఈ గుట్టకేం తక్కువైందే? నిన్ను ఈడికి తెచ్చి నేను చెడగొట్టిన్నా?"

నాగలత పిల్లను చేతుల్లోకి తీసుకుంది. జ్వరం మందు సీసా కొంగున ముడేసుకుంది. అది లేకుండా ఏ తల్లీ గడప దాటదు కదా.

గుట్ట అంచున భూపతి సారు థర్మామీటరు చూసి మెచ్చుకున్నాడు. "మంచి జ్వరమమ్మా! పెద్దగుట్ట దాకా ఖాయంగా పనికొస్తది. మరి నీకు?"

"నాకు లేదు సారూ."

"అయితే నువ్వు సామాను కింద పోతవ్. పిల్లే నిన్ను తీస్కపోతున్నట్టు లెక్క."

మిన్నును వీపున వేసుకుని సామాను పల్లానికి దిగింది.

కింద అంతా మబ్బు. ఎదురుగా చిట్టిగుట్ట. దాన్నెక్కి, ఇంకో పల్లం దిగితే పెద్దగుట్ట. బడి గంట వినబడుతూనే ఉంది. వీపు మీద పిల్ల పెనంలా కాలుతోంది, ఏవేవో గొణుగుతోంది.

"ఇంకొద్దిసేపు కాలవే నా తల్లీ" అంది నాగలత. ఆ మాట తన చెవినే పడింది. కూలబడి కొంగు ముడి విప్పింది.

మందు బాగా పనిచేసింది. చిట్టిగుట్ట కొసకు చేరేసరికి మిన్ను నుదుట చెమట పట్టింది. అవతలి పల్లానికి నాగలత చాపిన కాలు గాలిలోనే ఆగిపోయింది.

అక్కడ చాలామంది తల్లులు కూర్చుని ఉన్నారు. అందరి కొంగులకూ ఖాళీ సీసాలే. ఒకామె జరిగి చాప మీద చోటిచ్చింది. "మాదీ గిట్లనే అయింది చెల్లె. కూసో. ఈడ గాలి మంచిగొస్తది."

నాగలత నోటికి ఎప్పటిదో అల్లం కషాయం ఘాటు తగిలింది. తనకూ ఐదో తరగతి అయ్యాక మంచి జ్వరమే వచ్చింది. సగం దారిలో అమ్మ కషాయం పట్టింది, ఇద్దరూ గుట్టలపేటలోనే ఆగిపోయారు.

మిన్ను కళ్లు తెరిచింది. "అమ్మా, గంట కొడుతున్నరు. బడికి వచ్చేసినమా?"

నాగలత పిల్ల నుదురు తడిమింది. చల్లగా, హాయిగా ఉంది. చుట్టూ చూసింది. మబ్బులో ఎటు చూసినా పల్లమే.

"వచ్చేసినం బిడ్డా" అంది. "ఇంతకంటే ఎత్తు యాడ లేదు."