సుల్తాన్ బండికి ఇంటి సర్వీసు

ఎవరి పని వారే చేసుకోవాలన్న మహత్తర సత్యాన్ని కనుక్కోవడానికి నాగరికతకు కొన్ని వేల ఏళ్ళు పట్టింది. దాన్ని చోడవరం చేర్చడానికి మాత్రం ఒక్క అప్‌డేట్ సరిపోయింది. అప్పటికే బ్యాంకులో డబ్బు మనమే తీసుకుంటున్నాం, కరెంటు బిల్లు మనమే కట్టుకుంటున్నాం, టిఫిన్ సెంటర్లో ప్లేటు మనమే పడేస్తున్నాం. (ఆఫీసులో పని మాత్రం పక్క సీటువాడే చేయాలి. దానికి ఇంకా యాప్ రాలేదు.) మిగిలింది మోటార్ సైకిల్ రిపేరు. ఆ లోటు తీర్చే భాగ్యం రమణమూర్తికి దక్కింది.

రమణమూర్తి జూనియర్ కాలేజీలో సీనియర్ అసిస్టెంటు. ఆయన దగ్గర సుల్తాన్ అనే పాతకాలపు క్రూయిజరు బండి ఉంది. సీటు కిందికి, హ్యాండిలు పైకి, కాళ్ళు ముందుకి. దాని మీద కూర్చున్నవాడు పడక్కుర్చీలో ఊరేగుతున్నట్టుంటాడు. విశాఖపట్నంలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాడు. అమ్మేటప్పుడు ఆ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే బండి మీద ప్రేమ అనుకున్నాడు. ఆనందమని తర్వాత తెలిసింది.

ఒక ఉదయం ఆ బండి మార్కెట్టు ముందు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రమణమూర్తి దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చి, కంపెనీకి ఫోన్ చేశాడు. ప్రాంతీయ కస్టమర్ ఆనంద అధికారి ఉమామహేష్ ఎత్తాడు.

"మీది క్లాసిక్ కేటగిరీ సార్. క్లాసిక్ బండ్లకి ఇప్పుడు ఇంటి దగ్గరే సర్వీసు."

రమణమూర్తికి ప్రాణం లేచొచ్చింది. "మంచిమాట సెప్పేవు బాబూ. ఎవరొస్తారు?"

"ఎవరూ రానక్కర్లేదు సార్. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా."

ఫోన్లోకి కంపెనీ యాప్ దిగింది. మొదట రమణమూర్తి ఇంటి వరండాను అధీకృత సేవాకేంద్రంగా నమోదు చేసుకుంది. తర్వాత టెక్నీషియన్ ఫొటో అడిగింది, ఇచ్చాడు. కస్టమర్ ఫొటో అడిగింది, చొక్కా మార్చుకుని ఇచ్చాడు. ఇద్దరికీ పోలికలున్నాయని, బంధుత్వం ఉంటే తెలపాలని కోరింది. ఆయన బాగా ఆలోచించి 'దూరపు బంధువు' అన్నదాన్ని నొక్కాడు.

టెక్నీషియన్‌కు కాలేజీ ఉండటం వల్ల కస్టమర్‌కు ఆదివారం దాకా అపాయింట్‌మెంట్ దొరకలేదు. కస్టమర్ కొంచెం విసుక్కున్నాడు. టెక్నీషియన్ పట్టించుకోలేదు.

ఆదివారం ఓటీపీ వచ్చింది. కస్టమర్ దాన్ని టెక్నీషియన్‌కు చెప్పాలి. ఎవరికీ చెప్పకూడదని కిందనే ఎర్రక్షరాల్లో ఉంది. రమణమూర్తి దాన్ని పైకి చదివి, తానే విని, తానే కొట్టాడు.

"ఎవరికీ సెప్పొద్దన్నాడు కదా, మీకెందుకు సెప్పేసుకున్నారు?" అంది భార్య నాగవేణి.

ఆమె వరండాలో బ్లౌజులు కుడుతుంది. సేవాకేంద్రం వచ్చాక ఆమె కుట్టుమిషను వంటింట్లోకి మారింది. అప్పటినుంచి పేటలో కొందరి బ్లౌజులు తాలింపు వాసన వేస్తున్నాయి.

రమణమూర్తి కార్బురేటర్ విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, నోటితో ఊది, యాప్ చూపిన బొమ్మల ప్రకారం బిగించాడు. చివరికి ఒక స్ప్రింగూ కొన్ని వాషర్లూ మిగిలాయి. 'భాగాలు మిగిలాయా? మిగిలితే భద్రపరచండి. మిగలకపోతే వెతకండి' అంది యాప్. బండి స్టార్ట్ కాలేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి యాప్‌లో చోటు లేదు. టెక్నీషియన్ వేళకు వచ్చాడా, మర్యాదగా మాట్లాడాడా, మీ ఇంటిని తన ఇల్లులా చూసుకున్నాడా అని మాత్రం అడిగింది. రమణమూర్తి అబద్ధమాడే మనిషి కాదు. అన్నిటికీ ఐదేసి నక్షత్రాలు ఇచ్చాడు.

దాంతో ఆయన కేంద్రం ఆ చుట్టుపక్కల అత్యుత్తమమైనదిగా తేలింది.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు గూడ్సు ఆటో ఆగి ఉంది. అందులో ఇంకో సుల్తాను. దాన్ని పట్టుకుని బుచ్చయ్యపేట కుర్రాడొకడు నిలబడ్డాడు. ఆటో డ్రైవరు పరదేశి అప్పటికే తాళ్ళు విప్పుతున్నాడు.

"ఎక్స్‌పర్ట్ రమణమూర్తి గారంటే మీరేనా సార్?" అన్నాడు ఆ కుర్రాడు. "నా పేరు మోజెస్ అండి. యాప్‌లో మీకు ఒక్క బ్యాడ్ రివ్యూ కూడా లేదు."

అప్పుడే 'నేను కాదు' అనేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో రమణమూర్తిని ఎక్స్‌పర్ట్ అని పిలిచినవారు లేరు. (ప్రిన్సిపాల్ గారు పిలిచే మాటలు వేరు.) ఆయన చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరిగి, "దించండి" అన్నాడు.

దించాక మోజెస్ తన బాధ చెప్పుకున్నాడు. చర్చిలో పాటలు పాడతాడు. మెర్లిన్ అనే అమ్మాయితో పెళ్ళి కుదిరింది.

"పెళ్ళయ్యాక చర్చి నుంచి ఇంటికి ఈ బండి మీదే తీసుకెళ్తానని మాటిచ్చేను సార్. కారు మాటాడతానన్నా వద్దంది. ఇప్పుడు ఇది కదలకపోతే నా మొదటి మాటే అబద్ధం అయిపోద్ది."

అది విన్న నాగవేణి వంటింట్లోంచి బయటికొచ్చింది. "నీది నయం నాయనా. నాకిచ్చిన మాట ఈ ఆదివారమే."

ఆమెదీ చిన్న సంగతి కాదు. మాడుగులలో ఆమె అక్క రాజులమ్మ ఉంది. క్రితంసారి నలుగురిలో, "మీ ఆయన బండి ఫోటోల్లోనే తిరుగుద్దేటే?" అనేసింది. ఇప్పుడు రాజులమ్మ కూతురి సీమంతం. అందరూ చూస్తుండగా ఆ బండి మీదే దిగుతానని నాగవేణి చెల్లుకు చెల్లుగా చెప్పేసింది. అలాగే తీసుకెళ్తానని రమణమూర్తి మాటిచ్చాడు.

ఎక్స్‌పర్ట్ గంభీరంగా స్పానరు తీశాడు. శుక్రవారానికి రెండు బండ్లూ విప్పేసి పడున్నాయి. ఏ బోల్టు ఏ బండిదో అన్న ప్రశ్నను ఆయన మొదట దాటేశాడు, తర్వాత మరిచిపోయాడు. మోజెస్ రోజూ వచ్చి, ఏదీ ముట్టుకోకుండా, భక్తితో చూసి వెళ్ళేవాడు. శనివారం మాత్రం అతనికి భయం వేసింది. వరండా మెట్ల మీద కూర్చునే కంపెనీ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాడు.

రమణమూర్తి జేబులో ఫోన్ మోగింది. ఫిర్యాదుల్ని దగ్గర్లోని అత్యుత్తమ కేంద్రానికి మళ్ళించాలన్నది కంపెనీ నియమం. ఆయన తెరమీద నంబరు చూసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

"మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్," అన్నాడు గొంతు మార్చి.

"టెక్నీషియన్ మంచాయనే అండి," అన్నాడు మోజెస్ మెట్ల మీదనుంచి గుసగుసగా. "ఆయనకి తెలిస్తే బాధపడతాడు. కానీ ఆయనకి పని వచ్చో రాదో ఒకసారి కనుక్కుంటారా?"

తలుపు వెనక రమణమూర్తి తన చేతిలోని స్పానరు వైపు చూసుకున్నాడు.

"కనుక్కున్నాం సార్. నేర్చుకుంటన్నాడు."

రమణమూర్తి బయటికొచ్చేసరికి మోజెస్ ముఖం తేటపడి ఉంది. "కంపెనీకి ఫోన్ చేసేను సార్. మంచిగా మాట్లాడేరు. మీ గురించి దాచకుండా సెప్పేరు."

రమణమూర్తి అతని పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. చేతులనిండా గ్రీజు. "ఫోన్లో నేనే బాబూ," అన్నాడు. "నాకేటీ రాదు. నువ్వు ఎక్స్‌పర్ట్ అన్నావని విప్పేసేను."

మోజెస్ చాలాసేపు రెండు బండ్ల వైపూ చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు. "గొంతు బాగా మార్చేరు సార్. మా చర్చిలో నాటకం వేస్తన్నాం, వస్తారా?"

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి రెండు బండ్లలోనూ బాగున్నవని తోచినవన్నీ ఒకదానికి బిగించారు. ఆదివారం పొద్దున్న మోజెస్ కిక్ కొడితే అది స్టార్ట్ అయింది! పేట పేటంతా బయటికొచ్చింది. పట్టుచీర కట్టుకున్న నాగవేణి మల్లెపూలు సర్దుకుంటూ గుమ్మం దాటింది. ఆమె దగ్గరికి వచ్చేలోపే సైలెన్సరు లోంచి నల్లటి పొగ ఒక్కసారి వచ్చి, బండి శాశ్వతంగా మౌనం వహించింది.

రమణమూర్తి భార్య ముఖంలోకి చూడలేక టైరు వైపు చూశాడు. నాగవేణి మాత్రం, సైకిళ్ళు దించడానికి పక్కింటికి వచ్చిన పరదేశి ఆటో వైపు చూస్తోంది.

"పరదేశీ, మాడుగుల వస్తావేటి?"

"బండిని తీసుకెళ్ళాలా అమ్మా?"

"బండిని తీసుకెళ్ళు. దాని మీద నన్ను కూడా."

సుల్తానును ఆటోలోకి ఎక్కించి నాలుగువైపులా తాళ్ళతో కట్టారు. దాని మీద ముందు రమణమూర్తి హ్యాండిలు పట్టుకుని, వెనక నాగవేణి ఆయన భుజం పట్టుకుని కూర్చున్నారు. మోజెస్ పక్కన నిలబడి సైలెన్సరు పట్టుకున్నాడు. (అది ఊడి వస్తోంది.) దారిపొడవునా చెరుకు తోటల్లో పనివాళ్ళు నడుం ఎత్తి చూశారు. మొదట రమణమూర్తి తల వంచుకున్నాడు. కాసేపటికి గాలి ముఖానికి కొట్టడం మొదలైంది. కొన్న తర్వాత ఇంత దూరం ఆ బండి మీద ఎప్పుడూ కూర్చోలేదని ఆయనకు తట్టింది. మలుపుల దగ్గర హ్యాండిలు తిప్పడం మొదలుపెట్టాడు.

"హారన్ కొట్టండి," అంది నాగవేణి. కొట్టాడు. అదొక్కటి పనిచేసింది.

మాడుగులలో సీమంతం పందిరంతా లేచి నిలబడింది. రాజులమ్మ నోరు తెరిచి ఆటోని చూసింది, ఆటోలోని బండిని చూసింది, బండి మీది చెల్లెల్ని చూసింది.

"ఇదేటే?"

"బండి మీద వస్తానన్నాను కదే. వచ్చేను. దింపు."

సీమంతం అమ్మాయి నవ్వి నవ్వి ఆయాసపడితే పెద్దవాళ్ళు కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చారు. రాజులమ్మ అందరికంటే ముందు చెల్లెలి నోట్లో హల్వా పెట్టింది. మోజెస్ ఓ మూలకు పోయి మెర్లిన్‌కు ఫోన్ చేసి, పెళ్ళి నాటికి గూడ్సు ఆటో పూలతో కడితే అభ్యంతరమా అని అడిగి, తిట్లు తిని, చివరికి ఒప్పించాడు.

రమణమూర్తి ఫోన్లో యాప్ ఇదంతా గమనించింది. చోడవరం నుంచి మాడుగులకు ట్రయల్ రన్ విజయవంతమని గుర్తించి, పెట్రోలు ఎంత పట్టిందని అడిగింది. ఆయన నిజాయితీగా సున్నా వేశాడు.

వారం తిరక్కుండా ఉమామహేష్ ఫోన్ చేశాడు.

"అభినందనలు సార్. పెట్రోలు లేకుండా బండి నడిపిన మొదటి కేంద్రం మీదే. ఫిర్యాదులు కూడా లేవు. మీ ఫలితాలు చూసి కంపెనీ మిగతా సర్వీసు సెంటర్లన్నీ మూసేసింది."

"మరి మీరు?"

"నన్ను కూడా తీసేశారు సార్. మీకు అభినందనలు చెప్పడమే నా ఆఖరి డ్యూటీ. ఏమీ అనుకోకపోతే ఈ కాల్‌కి రేటింగ్ ఇస్తారా? ఇప్పటిదాకా నాకెవరూ మంచి రేటింగ్ ఇవ్వలేదు."

రమణమూర్తి ఐదు నక్షత్రాలూ ఇచ్చాడు. అవి చేరేసరికి ఉమామహేష్ ఖాతా మూసేసి ఉంది. అందుకని యాప్ ఆ ఐదింటినీ రమణమూర్తికే జమచేసి, సాయంత్రానికి కె.కోటపాడు నుంచి ఇంకో ఇద్దరు కస్టమర్లను పంపింది.