ప్రజాశ్వాస శాఖ వారి ఎనభై మాస్కులు

అప్పయమ్మ కత్తిపీట మీద రెండు మాస్కులు కోసి చూస్తే, రెండింట్లోనూ ఫిల్టరు లేదు.

ఒకదాంట్లో లేకపోతే కంగారుపడాల్సిన పనిలేదు. సగం మాస్కుల్లో ఉండకూడదనే ప్రభుత్వ ఉత్తర్వు. రెండింట్లోనూ లేకపోవడం మాత్రం పెద్ద విషయం. అందుకే మీకు రాస్తున్నాను. నేను బిలాస్‌పూర్ పార్సిల్ ఆఫీసులో గుమస్తాను. తీరిక దొరికినప్పుడల్లా పత్రికలకి వార్తలు పంపుతుంటాను. పార్సిల్ ఆఫీసులో తీరికకి లోటులేదు.

జరిగినది మొదటినుంచి చెబుతాను.

ఎనభై ఎనిమిది వేసవిలో రాష్ట్ర ప్రజాశ్వాస శాఖ ఉపమంత్రి ప్రతాప్‌గారు భోపాల్ నుంచి స్వయంగా వచ్చారు. బొగ్గు యార్డు పక్కన షామియానా కింద నిలబడి, "ఈ క్షణం నుంచి బొగ్గు కార్మికుడి దగ్గు కార్మికుడిది కాదు, ప్రభుత్వానిది!" అని ప్రకటించారు. ఎనభైమంది కార్మికులు చప్పట్లు కొట్టారు. కొట్టలేనివాళ్లు దగ్గారు. మంత్రిగారు రెంటినీ సమానంగా స్వీకరించి నమస్కారం పెట్టారు.

మంత్రిగారి భాష హిందీ. పాఠకుల కోసం నేను తెలుగులోకి మారుస్తున్నాను. కొంత గాంభీర్యం తగ్గితే తప్పు నాది.

తరవాత శ్వాస పరిశోధనా కేంద్రం డాక్టరు సీతారామయ్యగారు పథకం వివరించారు. బొంబాయి నుంచి ఎనభై మాస్కులు వచ్చాయి. నలభైలో ధూళిని ఆపే ఫిల్టరు ఉంది. నలభైలో లేదు. బయటినుంచి చూస్తే అన్నీ ఒకటే. ఎవరికి ఏది వచ్చిందో కార్మికుడికి తెలియకూడదు, దగ్గు పరీక్షించే డాక్టరుకీ తెలియకూడదు. తెలిస్తే, మంచి మాస్కు వచ్చిందన్న సంతోషానికే కొంత దగ్గు తగ్గిపోతుందట. ఆరు నెలల తరవాత బొంబాయివాళ్లు గుట్టు విప్పుతారు. ఫిల్టరు ఉన్నవాళ్లకి దగ్గు తగ్గితే, దేశంలో బొగ్గు ముట్టుకునే ప్రతివాడికీ ఫిల్టరు మాస్కు ఇస్తారు.

"అంటే ఏం జరుగుతోందో పనిచేసేవాడికీ తెలియదు, చూసేవాడికీ తెలియదు?" అన్నారు మంత్రిగారు.

"అవునండీ. దీన్ని డబల్ బ్లైండ్ అంటారు."

"అచ్ఛా! మా శాఖ పుట్టినప్పటినుంచీ ఇదే పద్ధతి. దీనికో పేరుందని మాత్రం ఇవాళే తెలిసింది."

సైన్సు మీద ఇంత త్వరగా పట్టు సాధించిన రాజకీయ నాయకుణ్ణి నేను చూడలేదు. ఆ తరవాత ఆయన పరివారంతో యార్డంతా తిరిగి చూశారు. ఆ పరివారం కార్మికులకంటే ఎక్కువగా ఉంది. బొగ్గు అంత దగ్గరగా చూడటం వాళ్లలో చాలామందికి అదే మొదలు.

మంత్రిగారు అక్కడితో ఆగలేదు. నెల తిరక్కుండా మస్తూరీలో నలభై చేతిపంపులు వేయించారు. వాటిలో ఇరవైకి కింద బోరు లేదు. ఏది ఏదో ఊరివాళ్లకి చెప్పలేదు. "దాహం ఎంతవరకు మనసుకి సంబంధించినదో తేలుతుంది" అన్నారు. తోర్వా రోడ్డు మీద వీధిదీపాలకీ ఇదే పద్ధతి అమలైంది. అక్కడ స్తంభాలన్నీ బాగున్నాయి.

యార్డులో పరిశోధన చురుగ్గా సాగింది. దగ్గులు లెక్కపెట్టే కాంపౌండరు, దగ్గేది ఎవరో చూడకూడదని డాక్టరుగారు నియమం పెట్టారు. అందుకని అతన్ని తెరవెనక కూర్చోబెట్టారు. మొదటిరోజు అప్పలకొండ తెర ముందుకొచ్చి దగ్గాడు.

"ఏం అప్పలకొండా, ఇవాళ ఫస్ట్ డ్యూటీయా?" అన్నాడు కాంపౌండరు తెరవెనకనుంచి.

అప్పలకొండ దగ్గు అలాంటిది. బండి విజిల్‌కి లేవనివాళ్లు కూడా దానికి లేస్తారు. డాక్టరుగారు తలపట్టుకున్నారు. అప్పుడు యూనియన్ నాయకుడు శంకరరావు ముందుకొచ్చాడు. మంత్రిగారి పార్టీ యూనియన్ అతనిది. యార్డులో సగంమంది అతని వెనక ఉన్నారు. మిగతా సగం రెండో యూనియన్‌లో ఉన్నారు.

"ఒరే అప్పలకొండా, సైన్సుకి అడ్డం పడకు. వేరేవాడిలా దగ్గు."

"ఎవుడిలా దగ్గమంటావు బాబూ?"

"ఎవడిలాగైనా దగ్గు. రేపు ఇంకొకడిలా దగ్గు."

పాపం, అప్పలకొండ ప్రయత్నించాడు. వేరేవాడిలా మొదలుపెట్టి తనలా ముగించేవాడు.

అప్పలకొండది మూడో తరం రైల్వే కుటుంబం. తాత శ్రీకాకుళం నుంచి వచ్చి ఇదే యార్డులో తట్ట పట్టాడు. ఈ చలికాలం గడిచేలోగా దగ్గు తగ్గకపోతే అన్‌ఫిట్ చేస్తామని పై అధికారులు చెప్పేశారు. అన్‌ఫిట్ అయితే పని పోతుంది. పనితోపాటు క్వార్టరూ పోతుంది. అందుకని తన మాస్కులో ఫిల్టరు ఉందా లేదా అన్న ప్రశ్న అతనికి సైన్సుకంటే కొంచెం ఎక్కువ ముఖ్యం.

దీపావళి దాటింది. దగ్గు తగ్గలేదు. తనది ఖాళీ మాస్కేనని అతను తేల్చుకున్నాడు. పక్క క్వార్టరు అమ్మన్న మాత్రం హాయిగా ఉన్నాడు.

ఇక్కడ రైల్వేవాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. ఖరగ్‌పూర్‌లో ఉన్నవాడికి బిలాస్‌పూర్ కావాలనుకోండి, బిలాస్‌పూర్‌లో ఉన్నవాడికి ఖరగ్‌పూర్ కావాలనుకోండి. ఇద్దరిదీ ఒకే గ్రేడైతే ఒకరి చోటికి ఒకరు మారిపోవచ్చు. దీన్ని మ్యూచువల్ అంటారు. మావాళ్లు డ్యూటీలూ మ్యూచువల్‌లోనే మార్చుకుంటారు, క్వార్టర్లూ అంతే. మాస్కులు మార్చుకోకూడదని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. చెబితే గుట్టు బయటపడుతుందని డాక్టరుగారు అసలు ఏమీ చెప్పలేదు.

అప్పలకొండ, అమ్మన్న మ్యూచువల్ చేసుకున్నారు. మ్యూచువల్‌లో సీనియారిటీ పోతుంది కాబట్టి, దానికి బదులుగా అప్పలకొండ అమ్మన్నకి ఒక కోడిని కూడా ఇచ్చాడు. వారం తిరిగేసరికి యార్డులో సగం మాస్కులు మ్యూచువల్ అయిపోయాయి. ఎవరికీ తెలియకూడదన్న నియమాన్ని ఇంత నిష్ఠగా పాటించిన పరిశోధన ప్రపంచంలో మరొకటి ఉండదు.

మరుసటి ఆదివారం అమ్మన్న దగ్గుకుంటూ వచ్చాడు. నేను అప్పటికి అప్పలకొండ గుమ్మంలో టీ తాగుతున్నాను.

"ఏటి బావా ఇది? నీ మాస్కు ఏసుకున్న కాణ్ణించి నాకూ అంటుకుంది. కోడినిచ్చి కొంప ముంచీసినావు."

"నీది ఏసుకుంటే నాకు తగ్గిపోనాదేటి? కోడి తిన్నావు, కాళీ మాస్కు అంటగట్టినావు."

లోపల కూర తరుగుతున్న అప్పలకొండ భార్య అప్పయమ్మ కత్తిపీటతో సహా బయటికొచ్చింది.

"ఒకల్నొకలు ఆడిపోసుకుంటారేటి? కోసి సూస్తే తెలిసిపోదేటి?"

"ఒద్దప్పా, సర్కారుది" అన్నాడు అమ్మన్న.

"సర్కారుదైతే కడుపులో ఏటో ఒకటి ఉండాల గదా. ఇటు పట్టు తమ్ముడూ."

కోసింది. చూసింది. రెండోదీ కోసింది. ఆ తరవాత క్వార్టర్ల లైనంతా కత్తిపీటలు బయటికొచ్చాయి. మధ్యాహ్నానికి ఎనభై మాస్కులూ కోశారు. ఫిల్టరు ఒక్కదాంట్లోనూ లేదు.

డాక్టరు సీతారామయ్యగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చారు.

"ఎంతపని చేశావమ్మా! కోయకూడదు! మీకు తెలియకూడదు!"

"తెలీకుండానే సచ్చిపోవాలేటి బాబూ?" అంది అప్పయమ్మ.

డాక్టరుగారు కోసిన మాస్కుల మధ్య కూలబడ్డారు. ఆయన దుఃఖం వేరు. అప్పటికే ఆయన దగ్గర ఫలితం సిద్ధంగా ఉంది. ఎనభైమందిలో సరిగ్గా నలభైమంది దగ్గు తగ్గిందన్నారు, నలభైమంది పెరిగిందన్నారు. సగానికి సగం! ఇంత శుభ్రమైన ఫలితం తన జీవితంలో చూడలేదని ఆయన రెండురోజులుగా అందరికీ మిఠాయి పంచుతున్నారు.

"ఫిల్టరే లేకపోతే ఆ నలభైమందికి ఎలా తగ్గింది?" అన్నారు నీరసంగా.

"వాళ్లు మా యూనియన్ మనుషులు సార్" అన్నాడు శంకరరావు గర్వంగా. "క్రమశిక్షణ గలవాళ్లు. తగ్గిందని చెప్పమన్నాను, తగ్గింది."

"మరి మిగతా నలభైమంది?"

"రెండో యూనియన్ సార్. వాళ్లకి మా ప్రభుత్వంలో ఏదీ తగ్గదు."

మర్నాడు పొద్దున్నే మంత్రిగారు విజయోత్సవానికి వచ్చారు. షామియానా అదే, దండలు కొత్తవి. ఉత్సవం విచారణగా మారింది. నలభై ఫిల్టర్లు ఏమయ్యాయన్నది ప్రశ్న. జవాబు శంకరరావు దగ్గర సిద్ధంగా ఉంది.

"దొంగ అప్పలకొండ సార్! మాస్కు మొదట కోసింది వాళ్లింట్లో. లోపల ఫిల్టరు లేదని ముందే తెలియకపోతే ఎందుకు కోస్తారు?"

అప్పలకొండని స్టేజీ ముందుకు తోశారు. సస్పెండ్ చేసి పోలీసులకి అప్పగించాలని శంకరరావు కోరాడు. చలికాలం దాకా ఆగాల్సిన క్వార్టరు ఆ మధ్యాహ్నమే పోయేలా కనిపించింది.

"నలబై పిల్టర్లు నా కాడుంటే ఇలగ దగ్గుతానా బాబూ?" అని అప్పలకొండ దగ్గాడు. పరాకులో తనలాగే దగ్గాడు. షామియానా రాటలు కదిలాయి.

"చూశారా, భయానికి దగ్గుతున్నాడు" అన్నాడు శంకరరావు.

అప్పుడు డాక్టరుగారు లేచారు. మనిషి ఒక్కరాత్రిలో పదేళ్లు పెద్దవాడయ్యాడు. మైకు దగ్గరకొచ్చి, "దొంగ ఎవరో నాకు తెలియదు. ఈ మాస్కు పనిచేస్తుందని చెప్పడానికి నా దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. పథకం మూసేయమని, రెండో విడత మాస్కులు పంపవద్దని ఈరోజే బొంబాయికి ఫోను చేస్తాను" అన్నారు.

మంత్రిగారు అంతవరకు ప్రశాంతంగా చెవి గోక్కుంటున్నారు. రెండో విడత అన్నమాట వినగానే కుర్చీ వెనక్కి పడేలా లేచారు. డాక్టరుగారి చేతిలోంచి మైకు లాక్కున్నారు. సైన్సుకోసం ఒక మంత్రి అంత ఆవేశపడటం నేను కళ్లారా చూశాను. ఆయన మాటలు ఒక్కటీ వదలకుండా ఇస్తున్నాను.

"ఆగండి! మాస్కు పనిచేయదని ఎవరన్నారు? బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మనిషి లేడంటారేం, నేను లేనూ? ప్రారంభోత్సవం నాడు పెట్టెలు విప్పించింది నేనే. నావెంట పెద్దమనుషులు వచ్చారు, యార్డంతా ధూళి, అందినవాళ్లం తలొక మాస్కూ తీసి కట్టుకున్నాం. కొన్నింట్లోంచి బొగ్గు నేరుగా ముక్కులోకి వచ్చింది. వాటిని శుభ్రంగా దులిపి మళ్లీ పెట్టెలో పెట్టించాను. కార్మికుల సొత్తు మేం ముట్టుకోం. పనిచేసినవి మాత్రం ఉంచుకున్నాం. నలభై తగ్గాయి కదా అని తోర్వాలో దర్జీ చేత అచ్చం అలాంటివే కుట్టించి నింపించాను. తేడా ఎవరికైనా తెలిసిందా? డాక్టర్ సాబ్, మీకు తెలిసిందా? తెలియకూడదన్నది మీరే కదా! భోపాల్ రోడ్డుమీద కారెక్కితే నేను ఆ మాస్కుతోనే ఎక్కుతాను. ఆరు నెలలుగా దగ్గంటే ఏమిటో మర్చిపోయాను. మా నలభైమందిలో ఒక్కడు దగ్గితే ఒట్టు! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మాస్కు పనిచేస్తుందని రాసుకోండి. ఇతన్ని వదిలేయండి, పాపం, పేదవాడు. కోసేసిన మాస్కు బదులు అదే దర్జీ చేత ఇంకొకటి కుట్టించి ఇవ్వండి. బొంబాయికి ఫోను నేను చేస్తాను. రెండో విడత ఎనభై కాదు, నూట అరవై పంపమంటాను. ఇంట్లో ఆడవాళ్లూ పిల్లలూ కూడా అడుగుతున్నారు."