పులికి వడ్డించిన మేనేజరు

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టాలని నాకూ ఉంది గానీ, మా అడవి మరీ అంత పెద్దదేం కాదు. ఒక జలపాతం, ఒక వాగు, రెండు గుట్టలు, వాటినిండా తలో అభిప్రాయం ఉన్న జంతువులు. అందులో నేనొక గాడిదని. పేరు సింహాద్రి. ఆ పేరు పెట్టేటప్పుడు మా అమ్మ మాణిక్యమ్మకి నా మీద చాలా ఆశలుండేవట.

మా ఇంట్లో తాతల కాలం నుంచీ అందరూ బరువులు మోసినవాళ్ళే. కట్టెలు, కుండలు, ఎవరెవరివో మూటలు. "మన వంశంలో ఒక్కడైనా కుర్చీలో కూర్చుంటే చూసి కన్నుమూస్తానురా" అనేది అమ్మ. గాడిద కుర్చీలో ఎలా కూర్చుంటుందని ఆవిడా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా, జలపాతం చూడడానికి పక్క అడవుల నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. వచ్చినవాళ్ళకి తినడానికి ఏమీ దొరక్క, పోతూ పోతూ మాలోనే ఎవరో ఒకరిని తిని పోయేవాళ్ళు. దీని మీద అడవి సభ కూర్చుంది. ప్రెసిడెంటు దాలమ్మ గారు ఏనుగు. ఆవిడ చాలాసేపు తొండం ఊపి, ఒక హోటలు, దాన్ని ఆనుకుని ఒక బారు పెడదామన్నారు. హోటల్లో చేపల పులుసు, బార్లో ఇప్పసారా. వచ్చినవాళ్ళ కడుపు నిండితే మన జోలికి రారు, మన పిల్లలకి ఉద్యోగాలూ వస్తాయి. అందరం తోకలు ఊపాం. చేపలు అభ్యంతరం చెప్పలేదు. వాటికి సభలో ఓటు లేదు.

మర్నాటికల్లా సుదర్శనం మాస్టారు హోటలు చదువులకి ఒక స్కూలు తెరిచారు. ఆయన నక్క. హోటలు ఇంకా కట్టనేలేదు, స్కూలు మాత్రం కిక్కిరిసిపోయింది.

మొదటిరోజు మాస్టారు బండరాయెక్కి మాట్లాడారు. "హోటలు లైనులో దారులు చాలా ఉన్నాయి. వంటగది ఉంది, వడ్డన ఉంది, బారు ఉంది, గుమ్మం దగ్గర స్వాగతం ఉంది, గిన్నెలు కడగడం ఉంది. ఎక్కడ మొదలుపెట్టినా కష్టపడి పనిచేస్తే చివరికి మేనేజరు అవుతారు."

వెనకనుంచి ఎవరో అడిగారు. "ఎక్కడా మొదలుపెట్టకుండా మేనేజరు అవ్వచ్చా మాస్టారూ?"

అడిగింది నేనే.

మాస్టారు నా వైపు ఆప్యాయంగా చూశారు. "దానికి వేరే కోర్సు ఉంది నాయనా" అన్నారు.

అందరం ఆ కోర్సులోనే చేరాం. ఎలుగుబంటి గంగులు సభ జరిగినప్పుడల్లా అందరికీ పులుసు కాచేవాడు, చెయ్యి తిరిగినవాడు. అతనూ వంట కోర్సు వైపు చూడలేదు. "పొగకి కళ్ళు పోతున్నాయి. ఎన్నాళ్ళని గరిటె పట్టుకుంటాం, మనకీ ఒక హోదా ఉండాలి కదా" అన్నాడు. ఫీజు కట్టుకోలేనివాళ్ళు మాస్టారిని ఇంటి నుంచి స్కూలుకి వీపు మీద మోసుకురావచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఆ వెసులుబాటు వాడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. మేనేజరు చదువు చదువుతున్నానని నలుగురికీ చెప్పుకుంటూ, ముందుకన్నా ఎక్కువ బరువు మోశాను.

చదువు కష్టమేమీ కాదు. మొదట, కాళ్ళు కదలకుండా నిలబడాలి. కళ్ళు సగం మూసి తల ఆడించాలి. ఏదైనా అడిగితే "చూద్దాం" అనాలి. మళ్ళీ అడిగితే "చెప్పాను కదా, చూద్దాం" అనాలి. గట్టిగా అడిగితే "నా దృష్టికి రాలేదు" అనాలి. కాళ్ళు కదలకుండా నిలబడడం, ఏమీ అర్థంకాకుండా తల ఆడించడం మా జాతికి పుట్టుకతో వచ్చిన విద్య. క్లాసులో నాదే మొదటి స్థానం.

సర్టిఫికెట్లు మోదుగాకు మీద ఇచ్చారు. నాది గోడకి తగిలిద్దామని అమ్మ చోటు చూసి పెట్టింది. తెల్లారేసరికి సగమే మిగిలింది. నిద్రలో నమిలినట్టున్నాను.

హోటలు పూర్తయ్యాక దాలమ్మ గారు ఇంటర్వ్యూలు పెట్టారు.

"నీకేం వచ్చు బాబూ?" అని అడిగారు నన్ను.

"చూద్దాం" అన్నాను.

"పులుసు ఎలా కాస్తారో తెలుసా?"

"నా దృష్టికి రాలేదండి."

ఆవిడ ముచ్చటపడ్డారు. కానీ నా తర్వాత వచ్చినవాళ్ళందరూ ఇవే జవాబులు చెప్పారు. ఎవరిని కాదన్నా వాళ్ళ గుంపు ఓట్లు పోతాయి. అందుకని ఆలోచించి ఆలోచించి అందర్నీ మేనేజర్లని చేసేశారు. కొంగ అనంతం గుమ్మం మేనేజరు. దుమ్ములగొండి సన్యాసమ్మ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది కాబట్టి అతిథుల సంతోషం మేనేజరు. కొండముచ్చు బంగార్రాజు బారు మేనేజరు. గంగులు రుచి మేనేజరు. నేను సరఫరా మేనేజర్ని. అంటే వంటగది నుంచి బల్ల దాకా ఏది కదిలినా నా ఆధ్వర్యంలో కదలాలి. మోసేవాళ్ళు నా కింద ఉంటారు. నా కింద ఎవరున్నారని అడగలేదు. తర్వాత చూసుకుంటే ఎవరూ లేరు. ఎవరి కిందా ఎవరూ లేరు.

అందరికీ హోదా రాసిన తామరాకు బిళ్ళలు మెడలో వేశారు. నేను ఊరేగినట్టు ఇంటికి నడిచి వెళ్ళాను. అమ్మ దిష్టి తీసింది.

హోటలు తెరిచిన రోజు దండలు కట్టారు, దాలమ్మ గారు తొండంతో నీళ్ళు చల్లారు, సుదర్శనం మాస్టారు ఇదంతా తన శిష్యుల ఘనతేనని ఉపన్యసించారు. కొడుకు ఉద్యోగం చూడాలని మా అమ్మ కూడా వచ్చి కంచె అవతల నిలబడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళకి నన్ను వేలెత్తి చూపించలేదు గానీ చెవితో చూపిస్తూనే ఉంది.

అప్పుడు పులి వచ్చింది. గుట్టల అవతలి అడవిది. వయసు మళ్ళిన పులి, చాలా మర్యాదస్తుడు. జలపాతం చూసి, ఎండలో నడిచి, ఆకలితో వచ్చాడు.

గుమ్మంలో అనంతం ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. తలుపు తీయడం గుమ్మం మేనేజరు పని కాదు. పులే తలుపు తోసుకుని లోపలికొచ్చి కూర్చున్నాడు.

"ఏముంది బాబూ?" అన్నాడు నాతో.

"చేపల పులుసండి. ఇప్పసారా అండి."

"రెండూ తీసుకురా."

"చూద్దామండి" అన్నాను.

వంటగదిలోకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది. పక్కన గంగులు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"పులుసు కావాలట" అన్నాను.

"వండి తీసుకురా. బాగుందో లేదో చెప్తాను" అన్నాడు.

"నువ్వు కదా వండాలి?"

గంగులు మెడలో బిళ్ళ చూపించాడు. "రుచి మేనేజరు. చదువుకున్నవాడివి, చదువుకో."

బార్లోకి వెళ్ళాను. ఇప్పసారా కుండ నిండుగా ఉంది, బంగార్రాజూ నిండుగానే ఉన్నాడు. "మేనేజరన్నవాడు పొయ్యకూడదు, పోయించాలి" అన్నాడు, నాలుక తడబడుతూ. "మనిషిని పంపు, పోయిస్తాను."

పంపడానికి నాకు మాత్రం ఎవరున్నారు? పోనీ నేనే ఒక గిన్నె పట్టుకెళ్దామా అన్న ఆలోచన ఒకటి వచ్చింది. బిళ్ళ చూసుకుని ఆ ఆలోచన మానుకున్నాను. ఇన్ని తరాలు మోసింది చాలదా అనిపించింది.

ఈలోగా పులి ఎదురుగా కూర్చుని సన్యాసమ్మ నవ్వుతోంది.

"ఎందుకమ్మా నవ్వుతున్నావు?" అన్నాడు పులి.

"మీ సంతోషం కోసమండి."

"నేను సంతోషంగా లేను."

"అందుకేనండి" అని సన్యాసమ్మ ఇంకాస్త నవ్వింది.

పులి కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. కంచె దగ్గరున్న లేళ్ళు ఆ శబ్దం వినగానే ఇళ్ళలో పని ఉందని వెళ్ళిపోయాయి.

"బాబూ, పులుసు సంగతి ఏమైంది?" అని అడిగాడు నన్ను.

గట్టిగానే అడిగాడు కాబట్టి, నేర్చుకున్న ప్రకారం "నా దృష్టికి రాలేదండి" అన్నాను.

పులి లేచి నిలబడ్డాడు. కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు. "సరే. ఇక్కడ మేనేజరెవరో చెప్పండి. పులుసు లేకపోతే ఆయన్నే తిని పోతాను. నేను చాలా దూరం నడవాలి" అన్నాడు.

మిగతావాళ్ళందరూ మెడలో బిళ్ళలు తిరగేసుకున్నారు.

"నేను ఉత్త కొంగనండి. కాలు నొప్పిగా ఉంటే ఇక్కడ ఆగాను" అన్నాడు అనంతం.

"నేను నేల తుడుస్తానండి" అంది సన్యాసమ్మ. ఆవిడ నవ్వకుండా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

బంగార్రాజు మత్తు దిగిపోయింది. "నేను గ్లాసులు కడుగుతానండి దొరా" అన్నాడు. సుదర్శనం మాస్టారు అప్పటికే బల్ల కింద ఉన్నారు. అక్కడినుంచే "నేను ఈ హోటలు ముందునుంచి నడిచిపోయేవాణ్ణండి" అన్నారు.

పులి నా వైపు తిరిగాడు. నేను నా బిళ్ళ నోట్లో పెట్టుకుని నమిలి మింగేశాను. "నేను గిన్నెలు తోముతానండి" అన్నాను.

సరిగ్గా అప్పుడే కంచె అవతల మా అమ్మకి మాట వినిపించింది. ఆవిడకి చెవులు పొడుగే గానీ వినికిడి తక్కువ. మేనేజరెవరని అడుగుతున్నారన్నంతవరకే అర్థమైంది.

"అదుగో, వాడే బాబూ. మా సింహాద్రి" అంది గర్వంగా.

పులి నన్ను చూశాడు. నేను పులిని చూశాను. తర్వాత నేనన్న మాట ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

"ఆవిడెవరో నాకు తెలియదండి" అన్నాను.

అమ్మ నా మొహం చూసింది. ఆవిడకి వినికిడి తక్కువే గానీ నా మొహం చదవడం బాగా వచ్చు. "పొరపడ్డాను బాబూ. మావాడు ఇంకా పొడుగ్గా ఉంటాడు" అని పులికి చెప్పింది. నేనింకా చూస్తూండగానే తల పక్కకి తిప్పేసుకుంది.

అందరం పనివాళ్ళమని చెప్పాం కాబట్టి, పని చేసి చూపించక తప్పలేదు. తోసుకుంటూ వంటగదిలోకి పరిగెత్తాం. గంగులు పొయ్యి రాజేశాడు. అనంతం వాగులోకి దూకి చేపలు తెచ్చాడు. సన్యాసమ్మ చింతపండు పిసికింది. బంగార్రాజు గ్లాసులు కడిగి సారా పోశాడు, చుక్క కిందపడలేదు. మాస్టారు మిరపకాయలు నూరారు, కళ్ళనీళ్ళు కారుతున్నా ఆపలేదు. అంతమంది ఒక్క పొయ్యి చుట్టూ చేరితే పులుసు ఎంతలో ఉడుకుతుంది? కుండ నా వీపు మీద పెట్టారు. ఒలక్కుండా తీసుకెళ్ళాను. అది నాకు ఎవరూ నేర్పక్కర్లేని పని.

పులి తిన్నాడు. మళ్ళీ అడిగి పెట్టించుకుని తిన్నాడు. సారా తాగాడు. మీసాలు తుడుచుకుని వెనక్కి వాలాడు.

"ఇంత మంచి పులుసు నేను తినలేదు. మా అడవిలో కూడా ఒక హోటలు పెడుతున్నాం. ఇక్కడి మేనేజర్ని నాతో తీసుకెళ్దామనుకుంటున్నాను. ఇంతకీ ఎవరు?" అన్నాడు.

వంటగది ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది.

"గుమ్మంలో నన్ను చూశారు కదండీ" అన్నాడు అనంతం. "నవ్వినప్పుడే నేను మేనేజర్నని మీరు గ్రహించి ఉంటారు" అంది సన్యాసమ్మ. "వీళ్ళందరికీ చదువు చెప్పింది నేనే" అన్నారు మాస్టారు, మిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. గంగులు బిళ్ళ మెడలో తిరగేసి ఉంటే సరిచేసుకున్నాడు.

నా బిళ్ళ నా కడుపులో ఉంది. అందుకని గొంతెత్తి ఓండ్ర పెట్టాను. ఆ హోరులో మిగతావాళ్ళ మాటలు పులికి వినబడలేదు. నన్నే ఎంచుకున్నాడు.

కంచె దగ్గరికి పరిగెత్తుకెళ్ళాను. "అమ్మా, నాకు పక్క అడవిలో ఉద్యోగం వచ్చింది" అన్నాను.

అమ్మ నన్ను పైనుంచి కిందకి చూసింది. "ఇప్పుడు నేనెవరో గుర్తొచ్చానా నాయనా?" అంది. నేను తల దించుకున్నాను. తర్వాత ఆవిడే నా వీపుకి అంటిన కుండ మసి తుడిచి, "జాగ్రత్తగా ఉండు" అంది. పక్కనున్నవాళ్ళతో మాత్రం, "మావాడికి పై అడవుల నుంచి పిలుపొచ్చింది" అని అప్పుడే మొదలుపెట్టేసింది.

ఇప్పుడు నేను గుట్టల అవతలి అడవిలో ఉంటున్నాను. హోదాలో లోటేమీ లేదు. నిజంగానే ఒక కుర్చీ ఇచ్చారు, వెడల్పాటిది. దాన్ని గుమ్మానికి ఎదురుగా వేశారు, లోపలికొచ్చే ప్రతివాడికీ ముందు మేనేజరే కనిపించాలని. ఇక్కడ వచ్చేవాళ్ళందరూ పులులే. తిన్న పులికి మళ్ళీ ఆకలేస్తుందన్న సంగతి మాస్టారు కోర్సులో చెప్పలేదు, నాకూ తట్టలేదు.

పులుసు కాస్త ఆలస్యమైతే చాలు, బల్లల దగ్గర తలలన్నీ నెమ్మదిగా నా కుర్చీ వైపు తిరుగుతాయి. నేను వెంటనే లేచి లోపలికి పోయి పొయ్యి నేనే ఊదుతాను, గిన్నెలు నేనే తోముతాను, కుండ నేనే మోస్తాను. కుర్చీలో కూర్చున్న జ్ఞాపకం నాకు పెద్దగా లేదు. మా అడవి నుంచి బంగార్రాజు కబురు పంపాడు, నా కింద ఏదైనా చిన్న మేనేజరు పోస్టు ఉంటే చూడమని. చూద్దాం అన్నాను.

నీతి: హోటలు లైనులో పైకి రావడం ఖాయం, ఎంత పైకొస్తే ఆకలిగా ఉన్నవాడికి అంత బాగా కనిపిస్తాం.