పట్టీ కింద ఒక్క వేలు

శనివారం పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాలి, పదకొండుకల్లా పెదనాన్న వాకిట్లో ఉండాలి. భెకాని వేసుకున్న లెక్క ఇంతే. ఎనిమిది నెలల కూతురు నొమ్వూలాని మేకని బలిచ్చి పితరులకు పరిచయం చేసే ఇంబెలెకో తంతు ఇవాళ. అది ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి పాపకి కారు సీటు రాలేదని, రెండోసారి వచ్చిన సీటు భెకానికి నచ్చలేదని. "మూడోసారి కూడా రాకపోతే మేకని నీ కారుకే బలిచ్చుకో, నన్ను పిలవకు" అని పెదనాన్న కబురు పంపాడు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పన్నెండేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నవాడికి ఈ సంగతులు కొట్టిన పిండి. పైగా పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన బిడ్డ. పాపకేమైనా అవుతుందన్న ఊహే అతనికి పడదు. సీటుని వెనక ఎడమవైపు, పాప ముఖం కారు వెనక్కి ఉండేలా బిగించాడు.

"మూడేళ్లు నిండేదాకా సీటుండాలని చట్టం చెప్తోంది. ఇలా వెనక్కి తిరిగుండాలని నేను చెప్తున్నాను. పట్టీ కింద ఒక్క వేలు దూరాలి, రెండు దూరకూడదు" అంటూ వేలు పెట్టి చూసి మురిసిపోయాడు.

"నిన్ను నా వీపున కట్టుకునే పెంచాను. ఎప్పుడైనా జారిపడ్డావురా?" అంది తల్లి.

"నీ వీపు గంటకి నూరు కిలోమీటర్లు పోదు కదమ్మా."

అప్పుడే ఫోను మోగింది. మేకని తేవాల్సిన తమ్ముడి వ్యాను క్లచ్చు పోయిందట. మేక కూడా ఈ కారులోనే రావాలి.

"డిక్కీలో వేద్దాం" అన్నాడు భెకాని.

"పితరుల మేకని డిక్కీలోనా? దాని ఒంటి మీద గీత పడితే మీ పెదనాన్న ముట్టుకోడు" అని తల్లి దాన్ని ఒళ్లో కూచోబెట్టుకుంది. మేక చిన్నదే గానీ గొంతు చిన్నది కాదు. కళ్లు కప్పితే ఊరుకుంటుందని పాప పసుపు దుప్పటి కప్పింది.

దారిలో భెకాని మూడుచోట్ల కారాపి, దిగి, పాప పట్టీ కింద వేలు పెట్టి చూశాడు. "పదయింది!" అని ముందు సీట్లోంచి భార్య నొక్వాజీ గదమాయిస్తే ఎక్కీ ఎక్కకముందే పోనిచ్చాడు.

గ్రేటౌన్ ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసులు ఆపారు. వచ్చినామె థండజిలే, రెండేళ్ల కిందట తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న పిల్లే. భెకాని ఛాతీ ఉబ్బింది. ఆమె కుడివైపు కిటికీలోంచి తొంగి చూసింది. పాప సీటుకి ఎండ పడకుండా గూడు దించి ఉంది, లోపలేముందో కనబడలేదు. అవ్వ ఒళ్లో పసుపు దుప్పటి మాత్రం కదులుతోంది.

"ఏంటి మాస్టారూ, సీటు కొని కూడా బిడ్డని ఒళ్లో పెడతారా?"

ఇంకొకడైతే అది మేకమ్మా అనేవాడు. భెకానికి మాత్రం తన విద్యకే మచ్చ తెచ్చినట్టనిపించింది. "నాకా చెప్తున్నావు? సీటు ఎటు తిరగాలో, ఎక్కడ బిగించాలో జిల్లా మొత్తానికీ నేర్పింది నేను..." అని అందుకున్నాడు.

థండజిలే వినలేదు. "అలా ఒళ్లో పెట్టుకుని ఎందాకా అవ్వా?"

"మా బావగారింటిదాకా తల్లీ. అక్కడ పదకొండింటికి కోస్తారు."

థండజిలే తలుపు లాగి దుప్పటి ఊడబెరికింది. మేక మే అని అరిచి, ఆమె భుజం మీదుగా దూకి, రోడ్డు మీద పెట్టిన ఎర్ర శంకువుల మధ్య పరుగందుకుంది. పోలీసులు, ఆగిన ట్యాక్సీలో జనం, కొత్త సూటులో భెకాని, అందరూ దాని వెంటే. చివరికి భెకాని బోర్లా పడి కాలు దొరకబుచ్చుకున్నాడు.

"గీత పడిందేమో చూడరా!" అని తల్లి కేకేసింది.

"మోచెయ్యి చీరుకుపోయిందమ్మా."

"నీ సంగతి కాదు, మేక సంగతి!"

ఈలోగా థండజిలే అటువైపు తలుపు తెరిచి చూసింది. ఇంత గోలలోనూ నొమ్వూలా సీట్లో హాయిగా నిద్రపోతోంది. పట్టీ కింద వేలు పెట్టింది. ఒక్కటే దూరింది.

"చూశావా మరి!" అన్నాడు భెకాని దుమ్ము దులుపుకుంటూ.

"పాపకి వంక పెట్టడానికి లేదు మాస్టారూ. మేకనీ ఏమీ అనను. కానీ మీరు వచ్చి ఆగినప్పుడు మీకే బెల్టు లేదు." ఆమె చలానా పుస్తకం తీసింది. "తాళం తిప్పేముందు బెల్టు అని నా నెత్తిన మొట్టి మరీ నేర్పారు."

భెకాని రెండు చేతులతో చలానా అందుకున్నాడు. వాదించకుండా అతను తప్పు ఒప్పుకోవడం నొక్వాజీ కాపురానికొచ్చాక చూడటం ఇదే మొదలు.

పదకొండుకి అయిదు నిమిషాలుందనగా చేరారు. పెదనాన్న మేకని నిలువెల్లా తడిమి, గీత లేదని తలూపాడు. తాతముత్తాతలని పేరుపేరునా పిలిచి, ఇదిగో మీ నొమ్వూలా, కనిపెట్టుకుని ఉండండి అని చెప్పాడు. భెకాని కళ్లు తుడుచుకున్నాడు. మేకని కోశాక దాని తోలు పట్టీ రక్షగా పాప మణికట్టుకి కట్టారు. అప్పటికి తల్లి చలానా కథ వాకిలంతా పంచేసింది.

పెదనాన్న మిగిలిన తోలు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "నీకూ ఒక పట్టీ కడితేగానీ లాభం లేదురా. చెయ్యి తే."

భెకాని చెయ్యి చాపాడు. ముడి పడ్డాక మాత్రం, కింద ఒక వేలు పెట్టి చూసుకున్నాడు.